నిద్రకీ ఒక చెక్ ట్రే ఉంది

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్తే. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. వయసు 37. ఆరెకరాల్లో వనామి రొయ్యలు వేస్తాను, సగం సొంతం, సగం లీజు. కల్చర్ నడిచే రోజుల్లో రాత్రి పదకొండున్నరకి గుంటల దగ్గర షెడ్డులో పడుకుని రెండున్నరకి లేస్తాను. నీళ్ళలోకి గాలి పంపే ఏరియేటర్లు చూసుకుని తెల్లారాక ఇంటికొచ్చి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మళ్ళీ ఒక నిద్ర. మొత్తం నాలుగున్నర గంటలు. తొమ్మిదేళ్ళుగా ఇదే, ఒళ్ళు అలవాటు పడిపోయింది. వాలితే చాలు, రెండు నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది, ఆ అదృష్టం దేవుడిచ్చాడు. కానీ మొన్న పొద్దున ఇంటికొస్తూ బండి మీద ఒక్క క్షణం కన్ను మూతపడింది, కాలవ కట్ట మీదికి ఎక్కించాను. అప్పట్నుంచి మా ఆవిడ ఒకటే గొడవ. యూట్యూబ్‌లో ఒకాయన గొప్పవాళ్ళంతా నాలుగు గంటలే నిద్రపోతారంటాడు, ఇంకొకాయన ఎనిమిదికి తగ్గితే మనిషి మిగలడంటాడు. అసలు నాకెన్ని గంటలు కావాలి? మా అమ్మాయి పదో తరగతి, పొద్దున నాలుగింటికి లేపి చదివించమంటున్నారు, అది కూడా చెప్పండి. గురక ఉంది గానీ అది మా వంశంలో ఉన్నదే, మా నాయన పెడితే వీధి చివరికి వినబడేది. మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుందని మా ఆవిడ అంటుంది, అది పట్టించుకోవాల్సిన సంగతి కాదనుకోండి.

జవాబు:

ముందు బండి సంగతి తేల్చుకుందాం, గంటల లెక్క తర్వాత. రాత్రంతా గుంటల మీద ఉండి పొద్దున్నే బండి తోలుకుంటూ ఇంటికి రావడం ఈ రోజుతో ఆపండి. ఎవరైనా తోలుతుంటే వెనక కూర్చుని రండి, లేదంటే షెడ్డులోనే ఇంకో గంట పడుకుని అప్పుడు రండి. ఒక్క క్షణం కన్ను మూతపడిందని రాశారు, అది ఒక్క క్షణమే అని మీకెలా తెలుసు? కునుకు పట్టినవాడికి అది ఎంతసేపు పట్టిందో తెలిసే దారే లేదు. బండి అరవైలో పోతుంటే నాలుగు సెకన్లలో దాదాపు 67 మీటర్లు పోతుంది. ఎకరం గుంటకి ఒక పక్క గట్టు ఎంత పొడవుంటుందో అంత దూరం, కళ్ళు మూసుకుని. మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంది, దాని ప్రకారం నిద్ర గట్టిగా లాగే వేళ రాత్రి రెండు నుంచి ఆరు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు కాస్త. హైవే మీద పోలీసులు అర్ధరాత్రి దాటాక లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగిస్తుంటారే, ఆ వేళ చూసే కడిగిస్తారు. మంచి పనే, కానీ చన్నీళ్ళ ప్రభావం కాసేపే. పాటలు పెట్టుకున్నా, వక్క నమిలినా అంతే. తూగు వస్తే బండి పక్కన పెట్టి ఇరవై నిమిషాలు పడుకోవడం ఒక్కటే పనిచేస్తుంది.

ఇక మీ ప్రశ్న. పుస్తకంలో జవాబు చిన్నది. పెద్దవాళ్ళకి రోజుకి 7 నుంచి 9 గంటలు, 65 దాటినవాళ్ళకి 7 నుంచి 8. అమెరికాలో నిద్ర మీద పనిచేసే డాక్టర్ల సంఘాలు 2015లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసి, పెద్దవాళ్ళకి 7 గంటలకి తగ్గకూడదని చెప్పాయి. కింది హద్దు గట్టిగా గీశారు గానీ పైహద్దు అంత గట్టిగా గీయలేదు. వయసులో ఉన్నవాళ్ళకీ, జబ్బు చేసి లేచినవాళ్ళకీ, చాలా రోజులుగా నిద్ర లేనివాళ్ళకీ తొమ్మిది దాటినా తప్పు లేదన్నారు.

ఈ జవాబు విని మీరు సంతోషపడరని నాకు తెలుసు. ఏడుకీ తొమ్మిదికీ మధ్య రెండు గంటలుంది, ఆ రెండు గంటల్లో నేనెక్కడున్నాను అనేదే కదా మీరు అడిగేది. ఇక్కడ మీ పనిలోంచే ఒక మాట తీసుకుంటాను. సింగరాయకొండ, కొత్తపట్నం వైపు నుంచి నా దగ్గరికి రొయ్యల రైతులు చాలామంది వస్తారు, రొయ్యల గురించి నాకు తెలిసిందంతా వాళ్ళు చెప్పిందే, తప్పుంటే సర్దుకోండి. మేత కంపెనీ వాళ్ళు మీకు ఒక చార్టు ఇస్తారు, ఇన్ని రోజుల పిల్లకి, ఇంత బరువుకి, రోజుకి ఇన్ని కిలోలు అని. ఆ చార్టు పట్టుకుని కళ్ళు మూసుకుని మేత చల్లే రైతు ఉంటాడా? చెక్ ట్రేలో కాస్త మేత వేసి గుంటలోకి దించి, గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తారు. మిగిలిందా, తగ్గించు. ట్రే నాకేసినట్టుందా, పెంచు. మబ్బు పట్టినా, రొయ్య పొర విడిచినా ఆ రోజు లెక్క వేరు. చార్టు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, మీ గుంటకి ఎంత కావాలో ట్రే చెబుతుంది.

ఏడు నుంచి తొమ్మిది అనేది చార్టు. నిద్రకి చెక్ ట్రే మీ పగలు.

ఆ ట్రేలో ఏం చూడాలో చెబుతాను. మొదటిది మీరు దేవుడిచ్చిన అదృష్టం అని రాసుకున్నదే. నిద్ర సరిపోయిన మనిషికి పడుకున్నాక నిద్ర పట్టడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఇరవై అయినా కంగారు లేదు. తల ఆనీ ఆనకముందే, ఐదు నిమిషాల్లోపే రోజూ నిద్ర ముంచేస్తోందంటే ఒళ్ళు బాకీలో ఉందన్నమాట. మూడు రోజులు తిండి లేనివాడు చద్దన్నం కుండ ఖాళీ చేస్తే ఆహా ఎంత అరుగుదల అని మెచ్చుకోం కదా. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గట్టు మీద, మేత బస్తాల మీద, ఏరియేటర్ల మోతలో కూడా మీకు నిద్ర పట్టేస్తోందంటే మీరు నిద్రలో నిపుణులని కాదు, బాగా ఆకలి మీద ఉన్నారని.

దీన్ని ఇంట్లోనే కొలుచుకునే పాత చిట్కా ఒకటుంది. నిద్ర మీద తొలి రోజుల్లో పరిశోధన చేసిన క్లైట్‌మన్ అనే ఆయన పేరు మీద చెబుతారు. మధ్యాహ్నం పూట, టీ తాగకుండా, గది కాస్త చీకటి చేసి మంచం మీద పడుకోండి. ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి ఆ చేతిలో స్టీలు గరిటె పట్టుకోండి, సరిగ్గా దాని కింద నేల మీద ఒక పళ్ళెం పెట్టండి. టైము చూసుకుని కళ్ళు మూసుకోండి. నిద్ర పట్టగానే వేళ్ళు వదులవుతాయి, గరిటె పళ్ళెం మీద ఠంగుమని పడుతుంది, మీరు ఉలిక్కిపడి లేస్తారు, అప్పుడు మళ్ళీ టైము చూడండి. పదిహేను నిమిషాలు దాటినా గరిటె చేతిలోనే ఉంటే మీ నిద్ర ఫరవాలేదు. పది లోపు పడితే తక్కువైంది. ఐదు లోపు పడితే చాలా తక్కువైంది. ఆస్పత్రుల్లో ఇదే సంగతి తలకి వైర్లు అంటించి కొలుస్తారు, గరిటెకి ఆ ఖర్చు లేదు. మీ ఇంట్లో ఇది చేసేటప్పుడు మీ ఆవిడకి ముందే చెప్పి చేయండి, ఉన్న గొడవ చాలు.

రెండోది, పనిలేని రోజు. అలారం పెట్టకుండా, ఎవరూ లేపకుండా వదిలేస్తే మామూలు కంటే రెండు గంటలు ఎక్కువ పడుకున్నారంటే మిగతా రోజులు ఆ మేరకి కోత పడుతున్నట్టే. మూడోది, కదలకుండా కూర్చున్నప్పుడు ఏమవుతోంది అనేది. మంగలి షాపులో కుర్చీలో, నెల్లూరు బస్సులో, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు, పెళ్ళిలో తాళి కట్టేదాకా కూడా ఆగకుండా తల వాలిపోతోందా? భోజనం చేశాక కాస్త మత్తు అందరికీ ఉంటుంది, మన ఎండల్లో ఇంకాస్త, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. పొద్దున పది పదకొండు గంటలప్పుడు కూడా ఆవులింతలు వరసగా వస్తున్నాయా, అది చూడండి. ఇక కోపం. పిల్లల మీద, పనివాళ్ళ మీద చిన్నదానికి పెద్దగా అరవడం, మేత లెక్క రాసిందే మళ్ళీ రాయడం, మాట మధ్యలో ఏం చెబుతున్నామో మర్చిపోవడం. ఇవన్నీ ట్రేలో కనబడేవే, మీకు కనబడకపోతే మీ ఆవిడకి కనబడుతుంటాయి, అడగండి.

ట్రేలో పెట్టకూడనిది ఒకటుంది. ‘నాకు బాగానే ఉంది, అలవాటైపోయింది’ అనే మాట.

మాది కొండపి దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు మాకు పొగాకు బ్యారన్, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టం, ఉండేది. పచ్చాకు ఎక్కించి పొయ్యి రాజేశాక ఆకు పండి, ఎండి, లోపలి ఈనె కూడా ఎండేదాకా ఐదారు రోజులు ఆ పొయ్యి ఆరకూడదు, వేడి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాలి, ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు చెడుతుంది, రంగు చెడితే టంగుటూరు వేలంలో ధర పలకదు. అన్ని రాత్రులూ నాయనే కాపలా. ఆయనకి నిద్ర అక్కర్లేదని ఊళ్ళో పేరు, ఆయన కూడా ఆ పేరు నమ్మాడు. ఒక రాత్రి అమ్మ టీ తీసుకుని పోతూ నన్నూ వెంట తీసుకెళ్ళింది. నాయన మంచం పట్టె మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు, పొయ్యి వైపే మొహం. పొయ్యిలో మంట లేదు. ‘ఏందయ్యా, పొయ్యి చల్లారిపోతా ఉంటే చూడవా’ అంది అమ్మ. ‘ఇప్పుడే గదే మొద్దు పెట్టింది’ అన్నాడు నాయన, నిజంగా అలాగే అనుకుని. ఆ తుమ్మ మొద్దు సగం పైగా నుసి అయిపోయి ఉంది. అంత మొద్దు అంత కాలాలంటే తక్కువలో తక్కువ గంట పడుతుంది. నాయన వేళ్ళ మధ్య బీడీ కాలుకుంటూ వచ్చి చర్మం దగ్గర ఆరిపోయి ఉంది, చూపుడువేలు పక్కన చిన్న బొబ్బ. అది కూడా ఆయనకి తెలియలేదు, అమ్మ చూపిస్తే చూసుకున్నాడు. మర్నాడు అడిగితే మాత్రం రాత్రంతా రెప్ప వేయలేదనే చెప్పాడు.

డాక్టరు చదువులోకి వచ్చాక తెలిసింది, అది అబద్ధం కాదని, నిద్ర చాలని తలకి ఆ సంగతి తనకే తెలియదని. 2003లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న 48 మందిని తీసుకుని ఒక పరీక్ష చేశారు. కొందరిని రోజుకి 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు, వరసగా రెండు వారాలు. రోజూ వాళ్ళ చురుకుదనాన్ని పరీక్షలు పెట్టి కొలిచారు, లైటు వెలగగానే బటన్ నొక్కడం లాంటివి. 8 గంటల వాళ్ళు బాగానే ఉన్నారు. ఆరూ, నాలుగూ గంటల వాళ్ళు రోజురోజుకీ దిగజారుతూ పోయి రెండు వారాలయ్యేసరికి ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోని మనుషుల స్థాయికి చేరారు. నన్ను భయపెట్టింది ఇది కాదు. నీకెంత నిద్రగా ఉంది అని వాళ్ళని అడిగినప్పుడు, మొదటి కొద్ది రోజుల తర్వాత వాళ్ళ జవాబు పెద్దగా మారలేదు. పని పడిపోతూనే ఉంది, మనిషి మాత్రం బాగానే ఉన్నాననుకుంటున్నాడు. రెండు వారాలకే అట్లా అయితే మీది తొమ్మిదేళ్ళు.

అలవాటు అయ్యేది నిద్రమత్తుకి. నిద్ర అవసరం అట్లాగే ఉంటుంది.

యూట్యూబ్‌లో నాలుగు గంటల గొప్పవాళ్ళ గురించి కూడా ఒక మాట. పుట్టుకతోనే తక్కువ నిద్రతో సరిపోయే మనుషులు లేకపోలేదు, చాలా చాలా అరుదు. 2009లో కాలిఫోర్నియాలో ఒక తల్లీకూతుళ్ళలో అలాంటి జన్యువు మార్పు కనిపెట్టారు, డెక్2 అని దాని పేరు. అంత అరుదైన ఆ మనుషులు కూడా సగటున ఆరుంపావు గంటలు నిద్రపోతున్నారు. నాలుగు కాదు. పైగా వాళ్ళు అలారం లేకుండా లేస్తారు, సెలవు రోజైనా అంతే పడుకుంటారు, పగలు తూగరు, బండి కాలవ కట్ట ఎక్కించరు. మీరు ఆ కోవలోని మనిషి అయ్యే అవకాశం ఎంతో మీరే చెప్పండి. ఇక వీడియోల్లో చెప్పే గొప్పవాళ్ళు పగలు కార్లో, విమానంలో ఎంతసేపు పడుకుంటారో లెక్కపెట్టినవాళ్ళు ఎవరున్నారు.

మీ అంకె ఎంతో తెలుసుకోవడానికి మంచి కాలం ఒకటుంది, రొయ్యల పట్టుబడి అయిపోయి గుంటలు ఎండబెట్టే రోజులు. ఆ మూడు వారాలు రాత్రి కాపలా లేదు కదా. రోజూ ఒకే టైముకి, పదింటికి అనుకుందాం, ఇంట్లో, ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకోండి. అలారం వద్దు. లేచిన టైము మీ గుంటల పుస్తకంలో వెనక పేజీలో రాయండి. పక్కనే ఇంకో రెండు మాటలు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పగలు తూగు వచ్చిందా అని. మంచం మీద గడిపిన టైమూ, నిద్రపోయిన టైమూ ఒకటి కాదు, నిద్ర పట్టడానికి పట్టిన టైమూ, మధ్యలో మేలుకున్న టైమూ తీసేసి రాయండి. చేతికి కట్టుకునే బ్యాండు ఉంటే మొత్తం గంటలకి పనికొస్తుంది, అది చూపించే గాఢనిద్ర, కలల నిద్ర శాతాల జోలికి పోకండి, అవి నమ్మదగ్గవి కావు.

మొదటి ఐదారు రోజులు మీరు పది గంటలు, పదకొండు గంటలు పడుకుంటారు, ఇంట్లోవాళ్ళు కుంభకర్ణుడంటారు, అననివ్వండి. అది పాత బాకీ, మేత షాపులో అప్పు పట్టుబడి డబ్బులో ముందు పోయినట్టు ముందు అదే పోతుంది. ఆ రోజుల్ని లెక్కలోంచి కొట్టేయండి. తర్వాత నెమ్మదిగా ఒక అంకె దగ్గర నిలబడుతుంది, ఆఖరి వారం సగటు తీయండి, పగలు ట్రే కూడా శుభ్రంగా ఉంటే అదే మీ అంకె. 1990ల్లో అమెరికాలో థామస్ వేర్ అనే పరిశోధకుడు కొందరిని నెల రోజుల పాటు రోజుకి 14 గంటలు చీకట్లో ఉంచి, ఎంత కావాలంటే అంత పడుకోమన్నాడు. తొలి రాత్రుల్లో తెగ పడుకున్నారు. నాలుగో వారానికి సగటు ఎనిమిది గంటల పైచిలుకు దగ్గర ఆగింది. చూశారా, నిద్ర మీద ఇష్టం వచ్చినంత వదిలేసినా మనిషి ఊరికే పడుకుని ఉండడు, నిండాక లేస్తాడు. ఎక్కువ పడుకుంటే బద్ధకం అలవాటవుతుందని మనవాళ్ళకి ఒక భయం, దానికి ఆధారం నాకు కనబడలేదు.

ఇప్పుడు కల్చర్ మధ్యలో ఉన్నారు, పట్టుబడి దాకా ఏం చేయాలి? రాత్రి నిద్ర మానేసి బతికే మనుషులు మీరొక్కరే కాదు, కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, ఆస్పత్రిలో నర్సులున్నారు. 24 గంటల మొత్తంలో ఏడు రావాలి, ఒక్క దఫాలో రాకపోతే రెండు దఫాల్లో. అందులో ఒక ముక్క పెద్దదిగా, రోజూ ఒకే వేళకి ఉండాలి, ఒంట్లో గడియారం దాన్ని పట్టుకుని నిలబడుతుంది. గుంట నీళ్ళలో డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. పదకొండున్నర దాకా మీరు షెడ్డులో ఏం చేస్తున్నారో రాయలేదు, ఫోను చూస్తున్నారని నా అనుమానం. సాయంత్రం మేత అయ్యాక ఎనిమిదిన్నరకే పడుకుంటే రెండున్నరకి ఆరు గంటలవుతాయి, పొద్దున గంటన్నర కలిస్తే ఏడున్నర. ఇంకొకరు తోడుంటే, బామ్మర్దో, వాచ్‌మనో, రెండు షిఫ్టులు చేసుకోండి, ఒకరు రెండింటి దాకా, ఒకరు రెండు నుంచి. రోజు మార్చి రోజు వేళలు తిప్పుకోకండి, ఒకరికి ఒకే షిఫ్టు పది రోజులైనా ఉండాలి, వేళలు తిప్పితే ఇద్దరికీ నిద్ర చెడుతుంది.

కరెంటు పోతుందేమో అని కలత నిద్ర పోవడం ఇంకో దరిద్రం. కరెంటు పోగానే ఫోనుకి కాల్ వచ్చే మొబైల్ స్టార్టర్లు మోటార్లకి పెడుతున్నారు కదా, ఏరియేటర్ లైనుకి అలాంటి అలారం పెట్టించుకోండి. ‘ఏమవుతుందో’ అని ఒక చెవి తెరుచుకుని పడుకునే మాగన్ను నిద్ర గంటల లెక్కలో నిద్రే, పొద్దున ఒంటికి మాత్రం లెక్కలోకి రాదు. పొద్దున ఇంట్లో పడుకునేది బాగా చీకటి చేసుకుని పడుకోండి, కిటికీకి పాత దుప్పటి అడ్డం కడితే చాలు. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే పలచన, వెలుతురూ, వేడీ, మిక్సీ మోతా అన్నీ దాన్ని కోసేస్తాయి, తలుపు మీద ఒక చీటీ అంటించి పాలవాడినీ, ఫోన్లనీ మీ ఆవిడ ఆపితే ఆ గంటన్నర గంటన్నరలా పనిచేస్తుంది.

టీ తాగినప్పుడు ఒంట్లోకి చేరే కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. పొద్దున ఏడింటికి పడుకోబోయేవాడు నాలుగింటికి స్ట్రాంగ్ టీ తాగితే పడుకునేటప్పటికి సగానికి పైగా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రెండున్నరకి లేవగానే తాగండి, అక్కడితో ఆపండి. రాత్రి ఒక పెగ్గు వేస్తే నిద్ర బాగా పడుతుందంటారు కొందరు. పడుతుంది, రాత్రి రెండో సగంలో ముక్కలవుతుంది. మీరు రాయలేదు, నేను అడగను, కానీ తెలిసి ఉండండి.

మీ అమ్మాయి. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి. నాలుగింటికి లేపాలంటే రాత్రి ఎనిమిదింటికి నిద్రలో ఉండాలి, ఆ వయసులో అది జరగదు, బలవంతంగా పడుకోబెట్టినా నిద్ర రాదు. ఎదిగే పిల్లల్లో ఒంట్లో గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది, అది మొండితనం కాదు. చదివింది తలలో కుదురుకునేది కూడా నిద్రలోనే, తెల్లవారుజామున వచ్చే కలల నిద్ర అందులో ఒక భాగం, దాన్ని కోసేసి చదివించడమంటే పుస్తకం ముందు కూర్చోబెట్టడమే అవుతుంది. పదింటికి పడుకుని ఆరుకి లేవనివ్వండి. నాలుగింటికి లేచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల కథలు చెప్పేవాళ్ళు, నాలుగింటికి లేచి పుస్తకం మీద తూగిన పిల్లల కథలు చెప్పరు. మా ఇంట్లో మా అబ్బాయితో నేనూ ఈ తప్పు చేశాను, ఒక ఏడాది పాటు, హాస్టల్లో ఎట్లా లేపుతారో అట్లా. వాడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నవ్వడు.

ఇంక మీరు చివర్లో తేలిగ్గా రాసి పారేసిన రెండు వాక్యాలు. ఈ ఉత్తరం మొత్తంలో నేను పట్టుకున్నవి అవే. గురక పెట్టేవాళ్ళందరికీ జబ్బు ఉండదు. కానీ గురక పెడుతూ మధ్యలో నిశ్శబ్దం అయిపోయి, కాసేపు ఊపిరి లేకుండా ఉండి, మళ్ళీ ఒక్కసారి గుర్రుమని ఎగశ్వాసతో అందుకోవడం, అది వేరే సంగతి. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది, గాలి పోదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి ఒక కుదుపు ఇచ్చి లేపుతుంది, గాలి అందగానే మళ్ళీ నిద్ర. స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు, అంతకు పైన ఆగితే ఒకటిగా లెక్కపెడతారు. గంటకి ముప్పై దాటితే తీవ్రమైందని అర్థం, మనిషికి పొద్దున లేచాక అందులో ఒక్కటీ గుర్తుండదు. మీ గుంటలో డీవో పడిపోతే రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలుతాయి, మీరు పరుగెత్తుకెళ్ళి ఏరియేటర్లు వేస్తారు. మీ ఒంట్లో అది జరుగుతోందని మీ ఆవిడ చెబుతోంది, మీరేమో పట్టించుకోవాల్సింది కాదంటున్నారు.

ఇది ఉంటే పైన చెప్పిన గంటల లెక్కంతా తప్పుతుంది. నీళ్ళు బాగాలేని గుంటలో మేత పెంచితే అడుగున చేరి కుళ్ళడమే కదా. ఎనిమిది గంటలు పడుకున్నా నాలుగు గంటలు పడుకున్నట్టే లేస్తారు, బీపీ, షుగరు, గుండె మీద కూడా దీని భారం పడుతుంది. అందుకని మూడు వారాల లెక్క మొదలుపెట్టక ముందే ఇది తేల్చుకోండి. ఈ రాత్రికి కాకపోతే రేపు పొద్దున ఏడింటికి పడుకున్నప్పుడు మీ ఆవిడని ఫోనులో ఒక పది నిమిషాలు వీడియో తీయమనండి, మొహమూ ఛాతీ కనబడేలా, గురక వినబడేలా. అది పట్టుకుని నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో పోండి. స్లీప్ స్టడీ చేస్తారు, ఒక రాత్రి పని, కొన్ని చోట్ల మిషన్ ఇంటికే ఇస్తారు. ఆప్నియా అని తేలితే రాత్రిపూట మొహానికి మాస్కు పెట్టుకుంటే గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచే సీప్యాప్ మిషన్ ఉంది, బరువు ఎక్కువుంటే తగ్గడం, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవడం కూడా పనిచేస్తాయి. అదే రోజు బీపీ చూపించుకోండి, షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చేయించుకోండి, ఎంత పడుకున్నా తూగు పోకపోవడానికి అవి కూడా కారణం కావచ్చు. మెడికల్ షాపులో నిద్ర మాత్ర అడిగి తెచ్చుకోవడం మాత్రం చేయకండి, ఆప్నియా ఉన్నవాడి గొంతు దానితో ఇంకా వదులవుతుంది.

ఇది వంశంలో ఉన్నదే అన్నారు, నిజమే, దవడ తీరు, మెడ తీరు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి, వాటితోపాటు ఇదీ వస్తుంది. మీ నాయన గురక వీధి చివరికి వినబడేది అని రాశారు. ఆయన ఇప్పుడు ఎలా ఉన్నారో రాయలేదు, లేకపోతే ఏ వయసులో, దేనితో పోయారో కూడా రాయలేదు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ముందు ఆ సంగతి చెప్పండి.